సర్వరు పోలేదు, ఫార్మాట్ చేయనివ్వకండి

నమస్కారం. మీరు రాసినది రెండుసార్లు చదివాను. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, తోతాపురి కాయలు దిగుతున్న రోజులు. కాటా దగ్గరి రెండు కంప్యూటర్లు, గేటులో టోకెన్లు ఇచ్చే కంప్యూటరు, లెక్కల గది, అన్నీ ఒకే ఒక ఉబుంటు 22.04 (లైనక్స్ రకం ఆపరేటింగ్ సిస్టం, అంటే ఓఎస్) సర్వరును నమ్ముకుని ఉన్నాయి. నిన్న రాత్రి అప్‌డేట్లు వేసి రీబూట్ చేశారు. తెర మీద తెల్లటి వరుసలు గబగబా పరుగెత్తి, చివరికి ‘కెర్నల్ పానిక్’ అని, దాని పక్కన ‘అన్‌నోన్ బ్లాక్ 0, 0’ అని ఆగిపోయాయి. మూడుసార్లు కరెంటు తీసి పెట్టినా అదే. ఊళ్లో కంప్యూటర్లు బాగుచేసే ఆయన వచ్చి చూసి, ఓఎస్ పోయింది, ఫార్మాట్ చేసి మళ్లీ వేయాలి అన్నారు. చివరి బ్యాకప్ పన్నెండు రోజుల కిందటిది. తెల్లవారితే ట్రాక్టర్లు వరుస కడతాయి, ఏం చేయాలి అని అడిగారు.

ఫార్మాట్ చేయనివ్వకండి. మిగతాదంతా నిదానంగా మాట్లాడుకుందాం, ఈ ఒక్కటి మాత్రం ఇప్పుడే యజమానికి ఫోను చేసి చెప్పండి. ఆ పన్నెండు రోజుల తూకాలు, రైతుల పేర్లు, ఎవరికెంత ఇవ్వాలన్న లెక్కలు డిస్కులో అలాగే ఉన్నాయనే మీరు రాసిన లక్షణాలు చెబుతున్నాయి. విరిగింది సర్వరు కాదు, అది లేచే దారిలో ఒక మెట్టు. ఇరవై ఏళ్లుగా తిరుపతిలో చిన్న సంస్థల సర్వర్లు చూసుకుంటున్నాను. ఓఎస్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ అప్‌డేట్ తర్వాత లేవకుండా మొరాయించినవి ఎన్నో నా చేతుల మీదుగా బాగయ్యాయి. వాటిలో డేటా పోయినవి ఉన్నాయంటే, నేను వెళ్లేలోపు ఎవరో తొందరపడి కొత్తగా ఓఎస్ వేసేసినవే.

రెండో మాట ట్రాక్టర్ల గురించి. కాటా పక్కన అంకెలు చూపించే పెట్టెకు సర్వరుతో పనిలేదు, తూకం అది చూపిస్తూనే ఉంటుంది. కార్బన్ కాగితం పెట్టి రాసే రసీదు పుస్తకం ఒకటి తెప్పించండి. బండి నంబరు, రైతు పేరు, ఊరు, లోడు తూకం, ఖాళీ బండి తూకం, రెండింటికీ వేళ రాసి, కాటా మనిషి చేత సంతకం పెట్టించండి. చీటీ నంబర్లు మీ సాఫ్ట్‌వేరు నంబర్లతో కలవకుండా వేరే వరుసలో మొదలుపెట్టండి. తర్వాత ఎక్కించేటప్పుడు అదే మిమ్మల్ని కాపాడుతుంది. ఎండలో కాయలు పెట్టుకుని నిలబడ్డ రైతును సర్వరు కోసం ఆపాల్సిన అవసరం లేదు. ఈ ఏర్పాటు చేసుకుంటే మీకు నాలుగైదు గంటల నిదానం దొరుకుతుంది. ఈ పనికి కావలసింది ఆ నిదానమే.

ఇప్పుడు ఆ తెర మీది మాటకు అర్థం. సర్వరు మీట నొక్కగానే మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ లేస్తుంది. అది గ్రబ్ అనే చిన్న ప్రోగ్రాంను లేపుతుంది. గ్రబ్ రెండు ఫైళ్లను డిస్కులో బూట్ అనే చిన్న విభాగం నుంచి మెమరీ (ర్యామ్) లోకి ఎక్కిస్తుంది. ఒకటి కెర్నల్, దాని పేరు వీఎంలినజ్‌తో మొదలవుతుంది. రెండోది ఇనిట్‌ఆర్‌డీ. ఈ రెండోది ఒక మూట లాంటిది. అసలు డిస్కును చేరుకోవడానికి కావలసిన డ్రైవర్లు, డిస్కు ముక్కలను కూడగట్టే పనిముట్లు అందులో కట్టి ఉంటాయి. మీ సర్వరులో అసలు విభాగం ఎల్‌వీఎం మీద, అంటే డిస్కు ముక్కలను కలిపి ఒకటిగా చూపే ఏర్పాటు మీద ఉందని రాశారు. ఎల్‌వీఎంను కెర్నల్ తనంతట తాను కూడగట్టలేదు, ఆ పని ఇనిట్‌ఆర్‌డీ లోపలి పనిముట్లదే. మూట రాకపోతే కెర్నల్ లేచి కూర్చుంటుంది కానీ, ఇల్లు ఎక్కడుందో తెలియక అక్కడే ఆగిపోతుంది. కాడికి ఒక ఎద్దే కట్టి బండి తోలినట్టు.

చివర ఉన్న ఆ రెండు అంకెలను అందరూ చదవకుండా వదిలేస్తారు. కానీ రోగం పేరు చెప్పేవి అవే. 0, 0 అంటే కెర్నల్‌కు ఏ డిస్కూ చిక్కలేదని. అది చాలావరకు ఇనిట్‌ఆర్‌డీ లేకపోవడం వల్లో, సగంలో తెగిపోవడం వల్లో వస్తుంది. అక్కడ 8తో మొదలయ్యే జత ఉంటే డిస్కు కనబడిందని, దాని మీది ఫైల్ సిస్టంను, అంటే ఫైళ్ల అమరికను చదవలేకపోయిందని అర్థం. అప్పుడు వెతకాల్సిన చోటు వేరు. అందుకే లేవని సర్వరు ముందు నిలబడ్డ ఎవరికైనా నేను మొదట చెప్పేది, చివరి ఇరవై వరుసలు స్పష్టంగా పడేలా ఫోటో తీయమని. మీరు ఆ పని అడగకుండానే చేశారు, అందుకే నేను ఇంత నమ్మకంగా రాయగలుగుతున్నాను.

ఇక పని మొదలుపెడదాం. ఆదేశాలను పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను. మీరు కీబోర్డు మీద ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి.

లైనక్స్‌లో కొత్త కెర్నల్ వచ్చినప్పుడు పాతది చెరిగిపోదు, దాని పక్కనే చేరుతుంది. నిన్న సాయంత్రం దాకా మీ కాటాను నడిపిన కెర్నల్ ఇప్పటికీ అక్కడే ఉంది. దాన్ని ఎంచుకోవాలంటే గ్రబ్ మెనూ కనబడాలి. ఉబుంటులో ఆ మెనూ మామూలుగా దాగి ఉంటుంది. పాత బయోస్ పద్ధతి యంత్రమైతే సర్వరు కంపెనీ గుర్తు పోగానే షిఫ్ట్ మీట నొక్కి పట్టుకోండి. కొత్త యూఈఎఫ్ఐ పద్ధతి అయితే ఎస్కేప్ మీటను నెమ్మదిగా, సెకనుకోసారి కొట్టండి. ఎక్కువసార్లు కొడితే మెనూ దాటిపోయి ‘గ్రబ్’ అన్న మాట, దాని పక్కన బాణం గుర్తుతో ఖాళీ తెర వస్తుంది. కంగారు పడకండి, నార్మల్ అని కొట్టి ఎంటర్ చేసి, వెంటనే ఒక్కసారి ఎస్కేప్ నొక్కితే మెనూ వస్తుంది. సర్వరు యంత్రాలు మెమరీని, డిస్కులను కలిపి నడిపే రైడ్ కార్డును సరిచూసుకోవడానికి రెండు మూడు నిమిషాలు తీసుకుంటాయి. ఆ సమయంలో తెర నల్లగా ఉందని మళ్లీ కరెంటు తీయకండి. ఊరికే కరెంటు తీసి పెట్టడం వల్ల ఇంతవరకు బాగున్న ఫైల్ సిస్టం కూడా పాడవవచ్చు.

మెనూలో రెండో వరుస, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అని ఉంటుంది. లోపలికి వెళితే కెర్నల్ నంబర్లు పై నుంచి కిందికి, కొత్తది పైన, పాతవి కింద. ప్రతి నంబరుకూ మామూలు వరుస ఒకటి, రికవరీ వరుస ఒకటి. పై నంబరును వదిలేసి దాని తర్వాతి నంబరు మామూలు వరుసను ఎంచుకోండి. రికవరీ వద్దు, ఇప్పటికి అవసరం లేదు. నా అంచనా నిజమైతే ఒకటి రెండు నిమిషాల్లో లాగిన్ అడుగుతుంది.

లాగిన్ రాగానే చాలామంది చేసే తప్పు, వెంటనే బాగుచేయడానికి కూర్చోవడం. మీరు ముందు డేటాబేస్ కాపీ తీసి, సర్వరు బయటికి, ఇంకో కంప్యూటరులోకో పెన్ డ్రైవులోకో చేర్చండి. ఆ ఫైలు పరిమాణం సున్నా కాదని చూసుకోండి. ఆ తర్వాత కాటా కంప్యూటర్లు పనిచేస్తున్నాయో లేదో చూడండి. పనిచేస్తుంటే, పగలంతా ఆ పాత కెర్నల్ మీదే నడపండి. పాత కెర్నల్ మీద ఒక రోజు నడిస్తే ఫ్యాక్టరీకి నష్టం లేదు. రైతులు వెళ్లిపోయాక, రాత్రి తలుపు వేసుకుని మిగతా పని చేయండి.

ఆ రాత్రి మొదట కొట్టాల్సింది యూనేమ్ ఆదేశం, హైఫన్ ఆర్ చేర్చి. ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ నంబరు చెబుతుంది. ఆ నంబరును కాగితం మీద పెద్దగా రాసి తెరకు అంటించండి. ఈ రాత్రి ఏది తీసేసినా దాన్ని మాత్రం తీయకూడదు. తర్వాత డీఎఫ్ ఆదేశం, హైఫన్ హెచ్ చేర్చి. బూట్ విభాగం ఎదురుగా ఎంత శాతం నిండిందో చూడండి. మీ పాత ఇన్‌స్టలేషన్‌లో దానికి 500 ఎంబీ ఇచ్చారని రాశారు. అక్కడ 100 శాతం అని కనిపిస్తే నాకేమీ ఆశ్చర్యం ఉండదు.

ఇప్పుడు బూట్ విభాగంలోకి వెళ్లి ఎల్ఎస్ ఆదేశాన్ని హైఫన్ ఎల్‌హెచ్ చేర్చి కొట్టండి. ఇక్కడ ఒక నిమిషం ఆగి చూడాలి. ప్రతి నంబరుకూ వీఎంలినజ్ ఒకటి ఉంటుంది, పది పదిహేను ఎంబీలకు అటూ ఇటూ. అదే నంబరుతో ఇనిట్‌ఆర్‌డీ ఉండాలి, మామూలు ఉబుంటు సర్వరులో అది దానికి ఎన్నో రెట్లు పెద్దది, వంద ఎంబీ చుట్టుపక్కల. వేలుతో ఒక్కొక్క నంబరును జత కలుపుతూ కిందికి రండి. పాత నంబర్లకు జతలు కుదురుతాయి. కొత్త నంబరు దగ్గరికి వచ్చేసరికి వీఎంలినజ్ ఉంటుంది, ఇనిట్‌ఆర్‌డీ ఉండదు. లేదా ఉన్నా, పక్కవాటికన్నా చాలా చిన్నగా, నలభయ్యో ముప్పయ్యో ఎంబీ దగ్గర తెగిపోయి ఉంటుంది. మీ ట్రాక్టర్లను ఆపింది ఆ లేని ఫైలే.

ఎందుకు లేదు? వార్ ఫోల్డరులో లాగ్, అందులో ఆప్ట్, అందులో టెర్మ్ డాట్ లాగ్ అనే ఫైలు ఉంటుంది. దాని చివరి పేజీలు చదవండి. ‘నో స్పేస్ లెఫ్ట్’ అనే మాట దొరికితే కథ తెలిసిపోయినట్టే. అప్‌డేట్ కెర్నల్‌ను తెచ్చింది, మూట కట్టబోయింది, మధ్యలో చోటు అయిపోయింది, మూట కట్టడం ఆగిపోయింది. అప్పుడు తెర మీద ఎర్రర్ కూడా వచ్చే ఉంటుంది. కానీ వందల వరుసల మధ్య అది ఎవరికి కనబడుతుంది? నిన్న రాత్రి మీరు చూడలేదని మిమ్మల్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మీరు కూర్చోక ముందే, ఆటోమేటిక్ అప్‌డేట్లు నెలల తరబడి కెర్నళ్లను ఒకదాని మీద ఒకటి పేరుస్తూ వచ్చి ఉంటాయి. నిన్నటిది చివరి గడ్డిపరక.

ఇక చోటు చేయడం. ఉబుంటులో ప్యాకేజీలను ఎక్కించి తీసే పనిముట్టు ఆప్ట్. మామూలుగా ఆప్ట్ ఆటోరిమూవ్ ఆదేశం పాత కెర్నళ్లను తీసేస్తుంది, పర్జ్ అని చేర్చితే సెట్టింగులతో సహా. కానీ ఒక ప్యాకేజీ సగంలో ఆగిపోయి ఉన్నప్పుడు ఆప్ట్ ముందు దాన్ని పూర్తి చేయాలంటుంది, పూర్తి చేయడానికి చోటు లేదంటుంది. ఈ ముడి దగ్గరే చాలామంది విసిగిపోయి బూట్ విభాగంలో ఏది కనిపిస్తే అది చెరిపేస్తారు. అలా వద్దు. ఆప్ట్ కింద పనిచేసే డీపీకేజీ ఆదేశాన్ని హైఫన్ ఎల్ చేర్చి కొట్టి లైనక్స్ ఇమేజ్ పేరున్న వరుసలు చూడండి. వరుస మొదట్లో రెండు అక్షరాలు ఉంటాయి. ఐఐ అంటే సక్రమంగా ఉన్నది. రెండో అక్షరం పెద్ద ఎఫ్ అయితే సగంలో ఆగింది, అదే మన రోగి. ఆర్‌సీ అంటే ఎప్పుడో తీసేసినది, దాని సెట్టింగులు మాత్రం మిగిలాయి, దాని జోలికి వెళ్లక్కర్లేదు. ఐఐ ఉన్నవాటిలో అన్నిటికన్నా పాత నంబరును, కాగితం మీద రాసిన నంబరు కాదని రెండుసార్లు చూసుకుని, డీపీకేజీ పర్జ్ ఆదేశంతో తీసేయండి. ఆ నంబరు ఇమేజ్ మీద ఆధారపడ్డ మాడ్యూల్స్ ప్యాకేజీ ఉందని అభ్యంతరం చెబితే ఆ పేరును కూడా అదే వరుసలో చేర్చండి. అది కూడా కుదరనంత బిగుసుకుపోతే, అన్నిటికన్నా పాత ఇనిట్‌ఆర్‌డీ ఒక్కదాన్ని మీ హోమ్ ఫోల్డరులోకి జరపండి. చెరపడం కాదు, జరపడం. అవసరమైతే తిరిగి తెచ్చుకోవచ్చు.

రెండు నంబర్లు తీస్తే చోటు వస్తుంది. మూట కట్టేటప్పుడు ఆ ఫైలు ముందు తాత్కాలిక పేరుతో తయారై, పూర్తయ్యాకే అసలు పేరు పెట్టుకుంటుంది. కాబట్టి ఖచ్చితంగా సరిపోయే చోటు సరిపోదు, ఒక ఇనిట్‌ఆర్‌డీకి రెండింతలు ఖాళీ ఉండేలా చూసుకోండి. అప్పుడు డీపీకేజీ హైఫన్ హైఫన్ కాన్ఫిగర్ హైఫన్ ఏ. సగంలో ఆగినది పూర్తవుతుంది. ఆ వెంటనే అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఆదేశం, హైఫన్ సీ, హైఫన్ కే, పక్కన కొత్త కెర్నల్ నంబరు. ఫైలు ముందే ఉందని చెబితే హైఫన్ సీ బదులు హైఫన్ యూ. చివరగా అప్‌డేట్ గ్రబ్. అది కెర్నళ్ల జాబితా చదువుతూ ఒక్కొక్క ఇమేజ్, దాని కింద దాని ఇనిట్‌ఆర్‌డీ చూపిస్తుంది. కొత్త నంబరుకు రెండూ వచ్చాయో లేదో ఇక్కడ కూడా జత కలిపి చూడండి.

ఇంతటితో రీబూట్ కొట్టేయకండి. ఎల్ఎస్ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే ఆదేశం ఉంది, మూట విప్పకుండానే లోపల ఏముందో చూపిస్తుంది. కొత్త ఇనిట్‌ఆర్‌డీ పేరిచ్చి, మాటలు వెతికే గ్రెప్ ఆదేశంతో ఎల్‌వీఎం అని వెతకండి. నాలుగైదు వరుసలైనా రావాలి. రాకపోతే ఆ మూటతో మళ్లీ ఇదే గోడ దగ్గర ఆగుతారు.

పరీక్షించేటప్పుడు కూడా ఒక పద్ధతి ఉంది, దీన్ని తిరుపతిలో నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి కుర్రవాడి చేత చేయించాను. ఈటీసీలో డీఫాల్ట్, అందులో గ్రబ్ అనే ఫైలు తెరిచి, గ్రబ్ డీఫాల్ట్ అన్న వరుసలో సేవ్డ్ అని పెట్టండి. లైనక్స్ ఆదేశ వరుసలో పానిక్ సమానం 10 అని చేర్చండి. అంటే పానిక్ వస్తే పది సెకన్లు ఆగి తనంతట తానే రీబూట్ కావాలి. అప్‌డేట్ గ్రబ్ కొట్టి, గ్రబ్ సెట్ డీఫాల్ట్ ఆదేశంతో పాత కెర్నల్‌ను మామూలు ఎంపికగా పెట్టండి. గ్రబ్ రీబూట్ ఆదేశంతో కొత్త కెర్నల్‌ను ఈ ఒక్కసారికి మాత్రం ఎంచుకోండి. ఇప్పుడు రీబూట్ చేస్తే కొత్త కెర్నల్ లేస్తే సరి, పానిక్ వస్తే సర్వరు తానే తిరిగి పాత దాని మీదికి వచ్చేస్తుంది. మీరు ఇంట్లో ఉండి దూరం నుంచి చేస్తున్నా, అర్ధరాత్రి ఫ్యాక్టరీకి పరుగెత్తాల్సిన పని ఉండదు. ఇది పనిచేయాలంటే గ్రబ్ తన చిన్న నోటు పుస్తకం లాంటి ఫైలులో తానే రాసుకోగలగాలి. బూట్ విభాగం ఎల్‌వీఎం మీదో, సాఫ్ట్‌వేర్ రైడ్ మీదో ఉంటే గ్రబ్ అక్కడ రాయలేదు. మీ బూట్ విభాగం విడిగా మామూలు ఈఎక్స్‌టీ4 మీద ఉంది కనుక మీకు ఆ బాధ లేదు. కొత్తది రెండు మూడు రోజులు సక్రమంగా నడిచాక దాన్నే మామూలు ఎంపికగా మార్చుకోండి.

మెనూలో పాత కెర్నల్ కూడా లేవకపోతే? అప్పుడు ఉబుంటు పెన్ డ్రైవు కావాలి. ఏ కంప్యూటరులోనైనా తయారుచేసుకోవచ్చు. దానితో సర్వరును లేపి, ఇన్‌స్టాల్ చేయకుండా, షెల్‌లోకి వెళ్లండి. వీజీ చేంజ్ హైఫన్ ఏవై కొడితే ఎల్‌వీఎం విభాగాలు మేల్కొంటాయి. ఎల్ఎస్‌బీఎల్‌కే కొట్టి అసలు విభాగం పేరు గుర్తించి, దాన్ని ఎంఎన్‌టీ ఫోల్డరు మీద మౌంట్ చేయండి, అంటే ఆ ఫోల్డరు ద్వారా కనబడేలా తగిలించండి. దాని లోపలి బూట్ ఫోల్డరు మీద బూట్ విభాగాన్ని మౌంట్ చేయండి. యూఈఎఫ్ఐ అయితే దాని లోపల ఈఎఫ్ఐ విభాగాన్ని కూడా. డెవ్, ప్రాక్, సిస్, రన్ నాలుగింటినీ బైండ్ చేసి, సీహెచ్‌రూట్ చేస్తే మీరు మీ సర్వరు లోపల ఉన్నట్టే. పైన చెప్పిన ఆదేశాలన్నీ అక్కడి నుంచే కొట్టవచ్చు. ఒక్క యూనేమ్ మాత్రం పెన్ డ్రైవు కెర్నల్ నంబరు చూపిస్తుంది, దాన్ని నమ్మకండి.

బూట్ విభాగాన్ని మౌంట్ చేయమని ఇంత నొక్కి చెప్పడానికి కారణం ఉంది. 2021 నవంబరులో తిరుపతిని వరద ముంచెత్తిన ఆ వారం, ఒక రక్తపరీక్షల కేంద్రం వాళ్లు పిలిచారు. కరెంటు పోయి, యూపీఎస్ బ్యాటరీలు అయిపోయి, సర్వరు ఆగిపోయింది. కరెంటు వచ్చాక లేవలేదు. అది ఏడాదికి పైగా ఆగకుండా నడిచిన యంత్రం. ఆ ఏడాదిలో వచ్చిన కెర్నళ్లు ఏవీ ఒక్కసారి కూడా పరీక్షకు నిలబడలేదు, మొదటి పరీక్ష ఆ వరద రాత్రే అయింది. మోకాళ్ల లోతు నీళ్లలో నడిచి వెళ్లి, పెన్ డ్రైవుతో లేపి, సీహెచ్‌రూట్ చేసి, ఇనిట్‌ఆర్‌డీ తయారుచేశాను. ఎర్రర్ లేదు, అంతా బాగుంది. రీబూట్ చేస్తే మళ్లీ అదే పానిక్. మళ్లీ చేశాను, మళ్లీ అదే. రెండు గంటలు పోయాక తెలిసింది, నేను బూట్ విభాగాన్ని మౌంట్ చేయలేదని. తయారైన మూట అసలు విభాగంలోని ఖాళీ బూట్ ఫోల్డరులో పడింది, గ్రబ్ చూసేది వేరే చోట. వార్డులో జ్వరంతో ఉన్న పిల్లవాడి ప్లేట్‌లెట్ల నివేదిక కోసం ఒక తండ్రి ఆ రెండు గంటలూ బయట బల్ల మీద తడి బట్టలతో కూర్చుని ఉన్నాడు. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి సీహెచ్‌రూట్ చేసిన వెంటనే, బూట్ ఫోల్డరులో పాత వీఎంలినజ్ ఫైళ్లు కనిపిస్తున్నాయో లేదో చూడకుండా ఒక్క ఆదేశం కూడా కొట్టను. ఖాళీగా కనిపిస్తే మౌంట్ కాలేదని అర్థం.

మీ తెర మీద వేరే మాట వచ్చి ఉంటే దారి వేరుగా ఉండేది. ఇదే ఇబ్బందితో వచ్చే ఇతరుల కోసం అవి కూడా రాస్తాను. బిజీబాక్స్ అనే పేరుతో ఒక చిన్న ప్రాంప్ట్ వచ్చి, ఫలానా యూయూఐడీ (డిస్కు విభాగానికి ఇచ్చిన గుర్తింపు) లేదు అని చెబితే, మూట వచ్చింది కానీ డిస్కు దొరకలేదు. డిస్కు కంట్రోలర్ డ్రైవరు మూటలో లేకపోవడం, లేదా డిస్కు లేవడానికి ఎక్కువ సమయం తీసుకోవడం కారణం కావచ్చు. అదే ప్రాంప్ట్‌లో ఫైల్ సిస్టంను సరిచూసి బాగుచేసే ఎఫ్ఎస్‌సీకే ఆదేశాన్ని చేతితో నడపమని అడిగితే కరెంటు పోయినప్పుడు ఫైల్ సిస్టం దెబ్బతిన్నది. అక్కడ చెప్పిన విభాగం మీద ఎఫ్ఎస్‌సీకే నడపవచ్చు, ఎందుకంటే అది అప్పటికి మౌంట్ కాలేదు. మౌంట్ అయి నడుస్తున్న విభాగం మీద మాత్రం ఎప్పుడూ నడపకండి. డిస్కు నుంచి టకటక చప్పుళ్లు వస్తుంటే, రీడ్ ఎర్రర్లు కనిపిస్తుంటే, ఎఫ్ఎస్‌సీకే కన్నా ముందు డిస్కు కాపీ తీసుకోవాలి.

తెర మీద ఒక నిమిషం ముప్పై సెకన్ల లెక్క నడిచి, తర్వాత ఎమర్జెన్సీ మోడ్ అని వస్తే అది కెర్నల్ తప్పే కాదు. సర్వరు లేచేటప్పుడు మౌంట్ చేయాల్సిన డిస్కుల జాబితా ఉండే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలులో రాసిన ఏదో డిస్కు ఇప్పుడు లేదు. ఎప్పుడో తగిలించి తీసేసిన బ్యాకప్ డిస్కు తాలూకు వరుస నెలల తర్వాత రీబూట్‌లో బయటపడుతుంది, నింద అప్‌డేట్ మీద పడుతుంది. బయటి డిస్కుల వరుసల్లో నోఫెయిల్ అని రాస్తే ఈ ఇబ్బంది ఉండదు. ఇంకొన్నిసార్లు సర్వరు లేచే ఉంటుంది, నెట్‌వర్క్ కార్డు పేరు మారడం వల్ల కాటా కంప్యూటర్లకు అందదు. మానిటరు తగిలించి చూడకుండానే లేవలేదని తేల్చేస్తారు.

లైనక్స్‌లోనే మరో రకమైన రెడ్‌హ్యాట్ కుటుంబం వాడేవారికి పనిముట్ల పేర్లు మారతాయి, ఆలోచన అదే. అక్కడ మూట కట్టేది డ్రాకట్, మామూలు కెర్నల్‌ను మార్చేది గ్రబ్బీ. మామూలుగా మూడు కెర్నళ్లకు మించి ఉంచుకోదు కనుక బూట్ నిండిపోవడం కొంత తక్కువ. అసలు గ్రబ్ మెనూ కూడా రాకుండా ఆగితే తప్పు కెర్నల్‌ది కాదు, గ్రబ్‌దో దాని ముందు లేచే షిమ్‌దో. 2020 జూలైలో బూట్‌హోల్ అనే భద్రతా లోపాన్ని సరిచేసే అప్‌డేట్లు వచ్చినప్పుడు రెడ్‌హ్యాట్, సెంట్‌ఓఎస్ యంత్రాలు కొన్ని సరిగ్గా అక్కడే ఆగిపోయాయి. వాటిని కూడా ఇదే పెన్ డ్రైవు, ఇదే సీహెచ్‌రూట్ దారిలో లోపలికి వెళ్లి, ఆ ప్యాకేజీలను వెనక్కి తీసుకెళ్లి లేపారు.

ఇక ఈ సీజను గడిచే దాకా ఏం చేయాలన్నది. కాయలు దిగే రోజుల్లో కెర్నల్ మార్చకండి. ఆప్ట్ మార్క్ హోల్డ్ ఆదేశంతో లైనక్స్ జెనరిక్ అనే ప్యాకేజీతో పాటు ఇమేజ్, హెడర్ల జెనరిక్ ప్యాకేజీలను కట్టి ఉంచండి, మిగతా భద్రతా అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి. ఫ్యాక్టరీ కడిగి మూసే వారంలో ఆ కట్టు విప్పండి. క్యాలెండరులో ఆ తేదీ ఇప్పుడే రాసుకోండి, కట్టి మరిచిపోయిన కెర్నల్ మరో రకం ప్రమాదం. కొన్ని నెలలకు ఒకసారి, పని లేని ఆదివారం, మీరు పక్కన ఉండగా సర్వరును రీబూట్ చేయండి. నాలుగు వందల రోజులుగా ఆపలేదని గొప్పగా చెప్పుకునేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది. మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో మన చేతిలో లేదు, మొదటి రీబూట్ ఎప్పుడన్నది మాత్రం మన చేతిలో ఉంది. వీలైతే సీజను తర్వాత ఆ 500 ఎంబీ బూట్ విభాగాన్ని ఒకటి రెండు జీబీలకు పెంచుకోండి. అది ఇంకో రాత్రి పని, అప్పుడు అడగండి, విడిగా రాస్తాను.

బ్యాకప్ పన్నెండు రోజులకు ఒకసారి సరిపోదు. తూకాల డేటాబేస్ చిన్నది, ప్రతి రాత్రి చివరి బండి వెళ్లాక దాని కాపీ వేరే కంప్యూటరుకు వెళ్లేలా, వేళకు పనులు తానే చేసే క్రాన్‌లో ఒక వరుస పెట్టండి. వారానికొకసారి ఆ కాపీని తెరిచి, నిన్నటి చివరి చీటీ అందులో ఉందో లేదో చూడండి.

ఇప్పుడు వెళ్లి గ్రబ్ మెనూ తెప్పించండి. పాత కెర్నల్ లేచినా లేవకపోయినా, ఎక్కడ ఆగిందో ఆ తెర ఫోటో పెట్టండి. లేస్తే డీఎఫ్ ఇచ్చిన వరుసలు, బూట్ విభాగంలోని ఫైళ్ల పరిమాణాలతో జాబితా, రెండూ పెట్టండి, ఏ నంబరు తీయవచ్చో చూసి చెబుతాను. నేను చెప్పే దాకా ఏదీ తీయకండి. నేను ఉదయం నాలుగున్నరకే లేస్తాను, ఫోను దగ్గరే పెట్టుకుంటాను.